నర్సింగ్ పాసయ్యారా? కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఇలా చేయించుకోండి

బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, జీఎన్ఎం (జనరల్ నర్సింగ్, మిడ్‌వైఫరీ డిప్లొమా) మూడేళ్లు, ఏఎన్ఎం (ఆగ్జిలరీ నర్స్ మిడ్‌వైఫ్ కోర్సు) రెండేళ్లు. ఏది చదివినా మార్కుల మెమో చేతికొచ్చినంత మాత్రాన పని పూర్తికాదు, తెలంగాణ రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్టర్‌లో మీ పేరు ఎక్కాలి. "ముందు డ్యూటీలో చేరమ్మా, సర్టిఫికెట్ సంగతి తర్వాత చూద్దాం" అనే ప్రైవేటు ఆసుపత్రులు మా నల్లగొండ వైపు ఉన్నాయి. ఆ మాట పట్టుకుని కూర్చోకండి. ప్రభుత్వ నర్సింగ్ ఆఫీసర్ ఉద్యోగాల నోటిఫికేషన్ పడ్డాక పరుగులు తీస్తే మిగిలేది టెన్షనే.

దరఖాస్తుకు ముందు చేయాల్సిన పని ఒకటుంది. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, నర్సింగ్ మెమోలు, ఆధార్ మంచం మీద వరసగా పరిచి, పేరు ఒక్కో అక్షరం వేలు పెట్టి చూడండి. నా పేరులో 'లక్ష్మి' ఉంది. టెన్త్ మెమోలో దాన్ని ఇంగ్లిష్‌లో 'ఎక్స్' పెట్టి రాశారు, ఆధార్‌లో 'కేఎస్‌హెచ్' పడింది. చదువుకున్నన్నాళ్లూ ఎవరూ అడగలేదు కానీ, రిజిస్ట్రేషన్ రోజు ఆ ఒక్క అక్షరం దగ్గరే ఫైలు వెనక్కి వచ్చింది. టెన్త్ మెమో మార్పించడం పెద్ద తతంగం, కాబట్టి ఆధార్‌నే దానికి సరిపడేలా దిద్దించుకోవడం తేలిక. అయితే ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం రెండుసార్లే. సెంటర్‌లో స్క్రీన్ మీద, చేతికిచ్చే స్లిప్ మీద, రెండు చోట్లా చదివాకే లేవండి. పెళ్లయి ఇంటిపేరు మారినవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం.

తర్వాత కౌన్సిల్ వెబ్‌సైట్‌లో దరఖాస్తు నింపి, ఒరిజినల్స్ స్కాన్ చేసి పెట్టి, ఫీజు కట్టాలి. నెట్ సెంటర్‌లో చేయిస్తే ఫోన్ నంబరు మాత్రం మీదే ఇవ్వండి, లేకపోతే మెసేజ్‌లన్నీ ఆయనకే పోతాయి. ఆఫీసు హైదరాబాద్‌లో కోఠి దగ్గర సుల్తాన్ బజార్‌లో ఉంది. వెళ్లాల్సివస్తే నల్లగొండ వాళ్లు పొద్దున్నే బస్సెక్కి ఎల్బీ నగర్‌లో మెట్రో అందుకోవచ్చు. పాలమూరు వాళ్లకు కాచిగూడ రైలు సుఖం.

చిక్కంతా బయటి రాష్ట్రంలో చదివినవాళ్లకే. నారాయణపేట, గద్వాల పిల్లలు రాయచూరుకో బెంగళూరుకో పోయి చదువుతారు కదా. వాళ్లు నేరుగా ఇక్కడికి రావడం కుదరదు. మొదట కర్ణాటక కౌన్సిల్‌లో రిజిస్టర్ కావాలి, అక్కడ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకోవాలి, దాంతో ఇక్కడ దరఖాస్తు పెట్టాలి. నెలలు పట్టినా ఆశ్చర్యపోకండి. ఇంకా కాలేజీలో చేరనివాళ్లయితే ఆ కాలేజీకి గుర్తింపు ఉందా, మన కౌన్సిల్ దాన్ని ఒప్పుకుంటుందా అన్నది ఫీజు కట్టకముందే కనుక్కోండి. ఏజెంటు చూపించే బ్రోచర్ చూసి మోసపోయినవాళ్లను చాలామందిని చూశాను.

పాత 1947 నాటి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో కొత్త చట్టం చేశారు. దాని ప్రకారం జాతీయ కమిషన్‌తో పాటు రాష్ట్రాల్లోనూ కమిషన్లు ఏర్పాటు కావాలి. పేర్లు ఏవి మారినా రిజిస్టర్‌లో లేనివాళ్లు నర్సుగా పనిచేయకూడదన్న నియమం మారదు.

రిజిస్ట్రేషన్ నంబరు వచ్చాక దేశమంతటికీ చెల్లే ఎన్‌యూఐడీకి (నర్సుల గుర్తింపు సంఖ్య) కూడా ఆధార్‌తో నమోదు చేసుకోండి. రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. దానికి సీఎన్ఈ (ఉద్యోగంలో ఉంటూ చేసే నిరంతర నర్సింగ్ శిక్షణ) క్లాసుల గంటలు చూపించాల్సి ఉంటుంది కాబట్టి వర్క్‌షాప్‌లో ఇచ్చే ప్రతి సర్టిఫికెట్‌నూ ఒకే ఫైల్లో దాచండి.

ఒరిజినల్ సర్టిఫికెట్‌ను మాత్రం లామినేషన్ చేయించకండి. మన ఇళ్లలో ఏ కాగితం వచ్చినా ముందు చేసే పని అదే! రేపు జర్మనీకో గల్ఫ్‌కో పోదామనుకుంటే వెనకవైపు అటెస్టేషన్ ముద్ర వేయడానికి చోటుండదు. ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో ఉంచండి, చాలు.