రంగు వేయకుండా, చెక్కలతోనే చుక్కల జింక

వేర్వేరు రంగుల చెక్క ముక్కలను కోసి, పక్కపక్కన అతికించి గోడకు తగిలించే బొమ్మ చేయడానికి తెలంగాణ రాష్ట్ర జంతువైన చుక్కల జింక బాగా కుదురుతుంది. ఒళ్లు ఎర్రగోధుమ, గొంతు తెలుపు, మూతి నలుపు. మూడు రంగులకూ చెక్క ఉంది కాబట్టి స్టెయిన్ (చెక్కకు పట్టించే రంగు) జోలికి పోవద్దు. ఒంటికి టేకు, మూతికీ కళ్లకూ రోజ్‌వుడ్, తెలుపుకు అంకుడు లేదా పొణికి తీసుకోండి. ఆ తెల్ల చెక్కలు దొరక్కపోతే ప్యాకింగ్ పెట్టెల పైన్‌లో లేతరంగు పలక ఏరుకోవచ్చు. టింబర్ డిపోల్లోనో వడ్రంగి దగ్గరో మిగిలిన ముక్కలు సరిపోతాయి. చిత్రిక పట్టిన చోట థిన్నర్ రుద్ది చూస్తే పాలిష్ తర్వాత వచ్చే రంగు తెలిసిపోతుంది. అప్పుడే కోసిన టేకు మాత్రం చారలు చారలుగా కనిపిస్తుంది. కొన్నాళ్లు వెలుతురు తగిలితే రంగు కుదురుకుంటుంది.

వానాకాలంలో తెచ్చిన ముక్కను వెంటనే కోయొద్దు. ఫ్యాను కింద పెట్టి వారానికోసారి వంటింటి కాటా మీద తూచండి. తూకం తగ్గడం ఆగితే ఆరినట్టు. మే నెల ఎండలో మేడ మీద పెడితే కొసలు నెర్రెలిస్తాయి.

12×16 అంగుళాల బొమ్మకు మూతి 18 మి.మీ., ముఖం 12, మెడ, భుజం, చెవులు 9, కొమ్ములు 6 మందం. ఒక మందానికీ ఇంకోదానికీ మధ్య కనీసం 3 మి.మీ. తేడా లేకపోతే గోడ మీద నీడ పడదు, దూరానికి అంతా ఒకే పలకలా కనిపిస్తుంది.

విరిగేది ఎప్పుడూ కొమ్మే. ఒక్కో కొమ్ముకు మూడు కొనలు. మొత్తం ఒకే పలకలో కోస్తే ఏదో ఒక కొనకు చెక్క పొర (నార నడిచే దిశ) అడ్డంగా వస్తుంది, అది ఆకురాయి తగలగానే ఊడుతుంది. అందుకే కొమ్మును మూడు ముక్కలు చేసి, ఒక్కోదానికీ పొర పొడవునా నడిచేలా గీసుకోండి. స్క్రోల్‌సా (సన్నటి బ్లేడుతో వంపులు కోసే మిషను)లో పలుచటి ముక్కలకు 3 నంబరు బ్లేడు, మందంవాటికి 5. కాగితం నమూనా అతికించే ముందు చెక్క మీద ప్యాకింగ్ టేపు వేస్తే అంచు మాడదు.

చుక్కల కోసం భుజం ముక్కలో 6 మి.మీ. బిట్‌తో 5 మి.మీ. లోతు రంధ్రాలు చాలు. వాటిలో తెల్ల చెక్క గుండ్రటి పుల్లను అడ్డంగా కోసి బిగిస్తే, ఆ కోసిన ముఖం పాలిష్ నూనె పీల్చి తెలుపు కాస్తా పసుపవుతుంది. ప్లగ్ కట్టర్ (గుండ్రటి బిళ్లలు కోసే డ్రిల్ బిట్)తో తెల్ల పలక ముఖం నుంచే బిళ్లలు తీయండి.

అంచులు గుండ్రం చేయడం, 120, 180, 240 నంబర్ల ఎమ్రీ కాగితం పట్టడం అన్నీ అతికించకముందే, విడివిడిగా. అతికించాక రుద్దితే రోజ్‌వుడ్ పొడి తెల్ల చెక్క రంధ్రాల్లో ఇరుక్కుంటుంది, తర్వాత ఏం చేసినా పోదు. ఆ పొడి కొందరికి ఒళ్లు దురద కూడా పెడుతుంది, మాస్కు తప్పనిసరి. బిళ్లలున్న భుజం ముక్కను మాత్రం అవి ఆరాక రుద్దాలి. పాలిష్ కూడా ముందే: ముదురు చెక్కకు నూనె, తెల్లదానికి నీటితో కలిసే మ్యాట్ లక్కర్ (మెరవని పూత). అతికే వెనకవైపు ఏదీ తగలనివ్వకండి.

టేకులో సహజంగా నూనె ఉంటుంది, జిగురు పట్టదు. అతికించే ముందు థిన్నర్‌తో తుడిచి, ఆరగానే ఫెవికాల్ పూయండి. వెనక 6 మి.మీ. ప్లైవుడ్‌ను బొమ్మ అంచుకన్నా 3 మి.మీ. లోపలికి కోసి, పక్కలకు నల్లరంగు వేస్తే కనపడదు. నాలుగు అంగుళాలు దాటిన టేకు ముక్కకు జిగురు మధ్యలోనే రాయండి. లేకపోతే ఎండాకాలంలో చెక్క కుంచించుకుని చీలుతుంది.

వాన తడి దిగే గోడకు తగిలించొద్దు. వేరే చోటు లేకపోతే వెనక మూలల్లో రబ్బరు బిళ్లలు అతికించి, గాలి ఆడేలా చూడండి.