మ్యూజియంలో పాత వస్తువును చూడటం ఎలా?

సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్ళని హైదరాబాదీ అరుదు. స్కూల్ టూర్‌లోనో, ఊరి నుంచి వచ్చిన చుట్టాలను తిప్పుతూనో ఒకసారైనా అందరం వెళ్ళే ఉంటాం. బయటికొచ్చాక ఏం చూశారని అడిగితే మాత్రం ముసుగు రెబెకా పాలరాతి బొమ్మ, గంట కొట్టే గడియారం, ముందొక మనిషి వెనకొక మనిషి ఉన్న చెక్క బొమ్మ అని చెప్పి ఆగిపోతాం. నలభై వేలకు పైగా వస్తువులున్న చోట మనకు గుర్తుండేవి మూడు. గిన్నెలు, కత్తులు, చెంబులు, పళ్ళేలు అన్నీ కళ్ళ ముందు నుంచి జారిపోతాయి.

ఎందుకలా జరుగుతుందో తెలియాలంటే మన బోనం కుండను తలుచుకోండి. కుండలో వండిన అన్నం, పైన పసుపు కుంకుమల బొట్లు, చుట్టూ వేపరెమ్మలు, మూత మీద దీపం, మోసే ఆడమనిషి, ముందు డప్పు, ఆషాఢమాసపు చినుకులు. ఇవన్నీ కలిస్తేనే అది బోనం. అదే కుండను కడిగి, తుడిచి, గాజు పెట్టెలో పెట్టి “మట్టి కుండ, 20వ శతాబ్దం” అని చీటీ అంటిస్తే దాన్ని చూసినవాళ్ళకు ఏం అర్థమవుతుంది? చైనా నుంచి, ఇరాన్ నుంచి, ఈజిప్టు నుంచి వచ్చిన వస్తువుల ముందు మన పరిస్థితి అదే. వాటి చుట్టూ ఉండాల్సిన మనుషులు, తిండి, వేళ, చప్పుడు అక్కడ లేవు. వాటిని మళ్ళీ ఊహలో చేర్చుకుంటూ చూడాలి. అది నేర్చుకోవడం కష్టమేమీ కాదు.

వెళ్ళేముందు

శుక్రవారం సెలవు, గుర్తుపెట్టుకోండి. ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్‌లో దిగితే అక్కడి నుంచి ఆటోలో దగ్గరే. చేతిలో చిన్న నోటుబుక్, పెన్సిల్ ఉంటే చాలు.

అన్ని గ్యాలరీలూ చూసేయాలనే టెన్షన్ పెట్టుకోకండి. ఒక పూటకు రెండు గ్యాలరీలు, ఒక్కోదాంట్లో మూడు నాలుగు వస్తువులు చాలు. పిల్లలతో వెళితే ఇంకా తగ్గించండి. మధ్య భవనంలో మన దేశపు వస్తువులు, పశ్చిమ భవనంలో యూరప్‌వి, తూర్పు భవనంలో చైనా, జపాన్‌లవి ఉంటాయి. మొదటిసారి ఇలా చూడబోతున్నవాళ్ళకు నేను చెప్పేది బిద్రీ (నల్లటి లోహంలో వెండి పొదిగే పని) గ్యాలరీ, జేడ్ (నగిషీలు చెక్కే గట్టి రాయి) గ్యాలరీ. రెండింటిలోనూ చేత్తో పట్టుకుని వాడిన వస్తువులే ఎక్కువ.

ఇంకో సంగతి. గడియారంలోంచి చిన్న మనిషి బొమ్మ వచ్చి గంట కొట్టే సమయానికి జనమంతా అక్కడ కూర్చుంటారు. ఆ కాసేపు మిగతా గ్యాలరీలు ఖాళీగా ఉంటాయి. ప్రశాంతంగా చూడాలనుకుంటే అదే మంచి సమయం.

ముందు వస్తువు, తర్వాత చీటీ

మనలో చాలామంది ముందు చీటీ చదువుతాం, పేరూ శతాబ్దమూ తెలియగానే పని అయిపోయిందనుకుని ముందుకు కదులుతాం. దీన్ని తలకిందులు చేయండి. కనీసం రెండు నిమిషాలు చీటీ వైపు చూడకుండా వస్తువునే చూడండి. వీలైతే పెట్టెకు అటూ ఇటూ వెళ్ళి, వంగి, అడుగుభాగం కూడా చూడండి. గొప్ప పనితనమంతా పైనే ఉన్నా, వాడకం గుర్తులు ఉండేది అడుగునా, పిడి దగ్గరా, అంచుల మీదా.

చూస్తూ నాలుగు ప్రశ్నలు వేసుకోండి. దీన్ని చేత్తో ఎక్కడ పట్టుకుంటారు? ఇందులో ఏం పోస్తారు, ఏం పెడతారు? దీని పక్కన ఇంకేం ఉండాలి? ఇది రోజూ వాడేదా, ఏదో ఒక రోజున బయటికి తీసేదా?

చేయి ఎక్కడ పడుతుందో వెతకండి

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. జేడ్ గ్యాలరీలో షాజహాన్ బిరుదు చెక్కిన ఉంగరం ఒకటుంది. వేలికి పెట్టుకునే నగే అనుకుని చాలామంది దాటిపోతారు. ఆకారం గమనించండి. అంతా ఒకే వెడల్పులో ఉండదు, ఒక పక్క నాలుకలా ముందుకు సాగి ఉంటుంది. అది విలుకాడు బొటనవేలికి తొడుక్కునేది. ఇంగ్లండులో వింటినారిని మూడు వేళ్ళతో లాగేవారు. తురుష్క, మొఘల్, చైనా విలుకాళ్ళు బొటనవేలితో లాగేవారు. నారి పదేపదే రాసుకుంటే వేలు కోసుకుపోతుంది కాబట్టి నారికీ వేలికీ మధ్య ఈ ఉంగరం. ముందుకు సాగిన భాగం వేలి లోపలివైపు కండ మీద పడుతుంది. జేడ్ గట్టి రాయి, నునుపుగా అరగదీస్తే నారి దాని మీద నుంచి ఇట్టే జారుతుంది.

అక్కడే నిలబడి మీ బొటనవేలు వంచి, చూపుడువేలితో దాన్ని నొక్కిపెట్టి, గాల్లో వింటినారి లాగి చూడండి. పక్కవాళ్ళు చూస్తారని మొహమాటపడకండి. మీ వేలికి అర్థమైన విషయం చీటీ చదివితే అర్థం కాదు.

బిద్రీ గ్యాలరీలో ఇదే పద్ధతితో హుక్కాల అడుగు కుండలను చూడండి. కొన్ని బంతిలా గుండ్రంగా ఉంటాయి, కొన్ని అడుగున వెడల్పై గంట ఆకారంలో ఉంటాయి. గుండ్రటివి పాత తరహా. నేల మీద దొర్లకుండా వాటి కింద ఒక వలయం పెట్టేవారు. గంట ఆకారం పద్దెనిమిదో శతాబ్దంలో వాడుకలోకి వచ్చింది, దానికి ఆ వలయంతో పని లేదు. శతాబ్దం ఏదో చీటీలో చూడకముందే అడుగుభాగాన్ని బట్టి మీరు ఒక అంచనాకు రావచ్చు. ఆ అంచనా సరైనప్పుడు కలిగే సంతోషం కోసమైనా ఒకసారి ప్రయత్నించండి.

బిద్రీ నలుపు రంగు వేసింది కాదు. ఎక్కువ పాళ్ళు జింకు, కొద్దిగా రాగి కలిపి పోత పోస్తారు, గీతలు చెక్కి వెండి తీగ, వెండి రేకు దిగగొడతారు. తర్వాత బీదర్ కోటలోని పాత మట్టిని నవాసాగరం అనే లవణంతో కలిపి మరిగించి ఆ నీటితో రుద్దితే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగానే నిలుస్తుంది. వెండి అరిగి లోతు గీతలు బయటపడిన చోట్లు కనిపిస్తే ఆగండి. అక్కడే ఎవరి చేయో ఏళ్ళ తరబడి పడి ఉంటుంది.

పక్కన ఏం ఉండాలో ఊహించండి

ఏ వస్తువూ ఒంటరిగా పనిచేయదు. కొమ్ము పొడవుగా ఉన్న నీళ్ళ చెంబు ఆఫ్తాబా కనిపిస్తే, దాని జత చిలంచీ ఎక్కడుందో వెతకండి. చిలంచీ అంటే చేతులు కడిగే పళ్ళెం, పైన చిల్లుల మూత ఉంటుంది. భోజనానికి ముందూ తర్వాతా పనివాడు అతిథి దగ్గరికే వచ్చి నీళ్ళు పోస్తాడు, కడిగిన నీళ్ళు చిల్లుల్లోంచి కిందికి దిగి కనబడకుండా పోతాయి. అతిథి లేవనక్కరలేదు, మురికినీళ్ళు ఎవరి కంటా పడవు. ఇంటికొచ్చినవాళ్ళకు కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చే మర్యాద తెలిసిన మనకు ఈ మర్యాద చప్పున పట్టుబడుతుంది. తాంబూలం సరుకులు పెట్టుకునే పెట్టె పాందాన్ దగ్గరా అంతే. లోపలి చిన్న డబ్బాల్లో ఏది సున్నానికి, ఏది కాచుకి, ఏది వక్కలకి అని పిల్లలను అడగండి, తర్వాత నమిలింది ఉమ్మే పాత్ర ఉగల్దాన్ ఎక్కడుందో వెతకమనండి.

చైనా గ్యాలరీలో లేత ఆకుపచ్చ పింగాణీ పళ్ళేలుంటాయి. విషం కలిపిన అన్నం వడ్డిస్తే ఆ పళ్ళెం రంగు మారుతుందనో పగులుతుందనో రాజుల ఇళ్ళలో నమ్మేవారు. పింగాణీ అలా చేయదు. కానీ ఆ నమ్మకాన్ని పక్కన పెట్టుకుని చూస్తే, ఆ పళ్ళెంలో తినేవాడి భయం కనిపిస్తుంది. వంటమనిషిని, తమ్ముడిని, మంత్రిని అనుమానిస్తూ రోజూ అన్నం తిన్న మనిషి!

ఎవరి ఇంటి వస్తువో అడగండి

ఇది మర్చిపోతే మిగతా అంతా తప్పుదారి పడుతుంది. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1912 నుంచి రెండేళ్ళకు పైగా నిజాంకు దివాన్‌గా, అంటే ప్రధానమంత్రిగా పనిచేశారు. పెళ్ళి చేసుకోలేదు. వస్తువులు సేకరించడమే జీవితంగా బతికి 1949లో కన్నుమూశారు. 1951 డిసెంబర్ 16న నెహ్రూ ఈ మ్యూజియాన్ని ప్రారంభించింది ఆయన ఇల్లు దివాన్ దేవిడీలోనే. మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మారింది 1968లో. అంటే మనం చూస్తున్నది ఒక సంపన్నుడి అభిరుచిని. ఇక్కడి ‘రోజువారీ’ చెంబు ఒక నవాబు గారి రోజువారీ చెంబు. దాన్ని తోమిన మనిషి ఇంట్లో ఏ చెంబు ఉండేదో ఇక్కడ తెలియదు.

అందుకే ఇంకో రోజు మాసాబ్‌ట్యాంక్‌లోని గిరిజన మ్యూజియానికి కూడా వెళ్ళమంటాను. గోండుల గుస్సాడీ నృత్యంలో పెట్టుకునే నెమలిపింఛాల టోపీ గురించి తెలుసుకుంటే పూజ వస్తువుకూ అలంకారానికీ తేడా ఏమిటో తెలుస్తుంది. దీపావళి రోజుల్లో దండారి పండుగ సాగినన్నాళ్ళూ ఆ టోపీకి పూజ జరుగుతుంది, వేషం కట్టినవాళ్ళు నియమాలు పాటిస్తారు. గుస్సాడీ కళాకారుడు కనకరాజుకు 2021లో పద్మశ్రీ ప్రకటించినప్పుడు పేపర్లలో ఆ టోపీ ఫొటోలు వచ్చాయి గానీ ఆ నియమాల గురించి రాసినవారు తక్కువ.

పూజ వస్తువు ముందు, మనిషి దేహం ముందు

పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉంది. నజీర్ నవాజ్ జంగ్ కొని తెచ్చి ఏడవ నిజాంకు కానుకగా ఇస్తే, నిజాం దాన్ని 1930లో మ్యూజియానికి ఇచ్చారు. నైషు అనే యువతి దేహమని మ్యూజియం చెబుతుంది. పిల్లలు అక్కడ దెయ్యం సినిమా గుర్తొచ్చి కేకలు పెడతారు, పెద్దవాళ్ళు సెల్ఫీ తీసుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. ఆమెను కన్నవాళ్ళు, ఆమె కోసం ఏడ్చినవాళ్ళు ఉన్నారు. దేహాన్ని నేట్రాన్ అనే ఉప్పులో ఎండబెట్టి, నారబట్టలు చుట్టి, సుమారు డెబ్బై రోజులపాటు క్రతువు చేసేవారు. మిగతా అవయవాలు తీసేసినా గుండెను మాత్రం లోపలే ఉంచేవారు, పరలోకంలో దాన్ని తూకం వేస్తారని వాళ్ళ నమ్మకం. లోపలికి వెళ్ళకముందే బయట చెట్టు కింద కూర్చోబెట్టి పిల్లలకు ఇది చెప్పండి. లోపల వాళ్ళే గొంతు తగ్గిస్తారు.

ఇంకా వాడుకలో ఉన్న పూజ వస్తువులను గాజు వెనక కాకుండా వాటి చోటే చూడటం మేలు. సాలార్‌జంగ్ నుంచి మదీనా చౌరస్తా వైపు వెళితే పత్తర్‌గట్టీలో బాద్‌షాహీ ఆషుర్‌ఖానా (మొహర్రం సంతాపం జరిపే చోటు) వస్తుంది. మహమ్మద్ కులీ కుతుబ్‌షా కాలంలో, 1590లలో కట్టింది. గోడల మీద రంగు పలకలు చూడటానికి ఎప్పుడైనా వెళ్ళొచ్చు గానీ మొహర్రంలో అలాలు (పీర్లలాంటి లోహపు జెండాలు) నిలిపినప్పుడు వెళితే ఒక లోహపు రేకుకు మనుషులు ఏ విలువ ఇస్తారో కళ్ళారా చూస్తారు. ఊళ్ళో పీర్ల పండుగ చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు. చెప్పులు విడవండి, తల కప్పుకోండి, ఫొటో తీసే ముందు అక్కడున్న పెద్దవాళ్ళను అడగండి. వద్దంటే వద్దు.

ఇంటికొచ్చాక అటక దించండి

ఈ కళ్ళతో ఇంట్లో చూస్తే అటక మీద, దేవుడి గూట్లో చిన్న మ్యూజియమే కనిపిస్తుంది. పెళ్ళిలో పెట్టిన బిందె, కాశీ చెంబు, కవ్వం, కుందులు, వక్కల కత్తెర. ఒక్కోదానికి ఒక పేజీ కేటాయించండి. పగటి వెలుతురులో, పక్కన స్కేలు పెట్టి, పైనుంచీ పక్కనుంచీ అడుగు నుంచీ ఫొటో తీయండి. అంచు మీద చుక్కలతో కొట్టించిన పేరూ తేదీ ఉంటే దగ్గర నుంచి మరో ఫొటో.

తర్వాత పెద్దవాళ్ళ దగ్గర కూర్చోండి. “ఇది దేనికి?” అని అడిగితే “నీళ్ళకి” అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. “అమ్మమ్మా, నీ పెళ్ళిలో దీన్ని ఎవరు పట్టుకున్నారు?” అని అడగండి. వస్తువును ఆమె చేతికిచ్చి అడగడం ఇంకా మంచిది. ఎలా పట్టుకుంటుందో ఆ చేతులను ఫొటో తీయండి. ఆమె అన్న పేరు అన్నట్టే రాయండి, పుస్తకాల పేరులోకి మార్చకండి.

ఫొటో బాగా రావాలని చింతపండుతో తెగ తోమకండి. పులుపు ప్రతిసారీ కొంచెం లోహాన్ని తీసుకుపోతుంది, చుక్కల అక్షరాలు అలాగే చెరిగిపోతాయి. బిద్రీ వస్తువైతే పులుపు తగలనివ్వొద్దు, నలుపు పోతుంది. మెత్తటి గుడ్డతో కాస్త కొబ్బరినూనె రాసి తుడిస్తే చాలు. నంబరు రాసిన చీటీని వస్తువుకు అంటించకండి, నూలు దారంతో కట్టండి. నోటుబుక్ పేజీలన్నీ ఫోన్‌లో ఫొటో తీసి కనీసం ఇద్దరు కజిన్స్‌కి పంపండి. వాళ్ళ దగ్గరున్న చెంబుకీ మీ దగ్గరున్న మూతకీ జత కుదరడం తరచుగా జరిగేదే.