బండి పాటల సెట్టు బ్యాటరీ తాగేస్తుంటే

రెండ్రోజులు కదలని బండి సెల్ఫ్ అందుకోకపోతే, బ్యాటరీ మార్చేముందు యాంప్లిఫైయర్‌ని అనుమానించాలి. తాళం ఆఫ్‌లో ఉంచి, నెగటివ్ వైరు విప్పి, మల్టీమీటర్‌ని 10 ఆంపియర్ల డీసీ రేంజిలో పెట్టి ఆ వైరుకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్యలో కలిపితే నా బండికి 80 మిల్లీ ఆంపియర్లు చూపించింది. మీటరు ఉండగా సెల్ఫ్ నొక్కకండి, దాని ఫ్యూజు పోతుంది. 80 అంటే రోజుకి 1.9 ఆంపియర్ అవర్లు. 5 ఆంపియర్ అవర్ల బ్యాటరీ మూడో రోజుకి ఖాళీ.

యాంప్లిఫైయర్ పాజిటివ్‌ని నేరుగా బ్యాటరీకి ఇవ్వడమే కారణం. 12 వోల్టుల నాలుగు పిన్నుల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్) వేశాను: 30 నంబరు పిన్నుకి బ్యాటరీ నుంచి 10 ఆంపియర్ల ఫ్యూజు మీదుగా, 87 నుంచి యాంప్లిఫైయర్‌కి, 86కి తాళం ఆన్‌లోనే కరెంటొచ్చే వైరు, 85 ఎర్త్. ఫ్యూజు బ్యాటరీకి జానెడు లోపే ఉండాలి.

విజయవాడ బెంజ్ సర్కిల్ సిగ్నల్లో ఆగి, ఐడిల్ మీద సౌండు పెంచితే బ్యాటరీ దిగిపోవడానికి మాత్రం రిలే వల్ల లాభం లేదు. ఆ ఆర్‌పీఎంలో ఛార్జింగే చాలదు.