మైదానం చదువు – 3వ పాఠం: మూల, గీత, సున్నం

పోయిన పాఠంలో ఫుట్‌బాల్ మైదానం కోసం రాళ్లు ఏరినం, గుంతలు పూడ్చినం, మధ్యలో జానెడు ఎత్తు పెట్టి నాలుగు దిక్కులా నీళ్లు జారేటట్టు నేలను సాపు చేసినం. వాన పడ్డాక నీళ్లు ఎక్కడ నిలిచినయో చూసి రాసుకోమని ఇంటిపని కూడా ఇచ్చాను. చల్క నేల ఉన్నవాళ్లకు పెద్ద ఇబ్బంది ఉండదు. నల్లరేగడిలో మైదానం చేస్తున్నవాళ్లు మాత్రం ఆ పని దాటేసి ఈ పాఠంలోకి రావద్దు.

నీళ్ల గురించి ఇంత పట్టు ఎందుకంటే, 2008 ఆగస్టులో ఆసియా దేశాల ఫుట్‌బాల్ పోటీ ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్ మన హైదరాబాద్‌లోనే జరిగింది. వానలకు మైదానం ఆటకు పనికిరాకుండా పోయింది. ఫైనల్‌ను ఢిల్లీ అంబేద్కర్ స్టేడియానికి మార్చారు. అక్కడ సునీల్ ఛెత్రి మూడు గోల్స్ కొట్టాడు, తజికిస్తాన్‌ను 4–1తో ఓడించి మన దేశం 2011 ఆసియా కప్‌కు అర్హత సాధించింది. ఆ గెలుపు మన కళ్ల ముందు జరగాల్సింది. నేల ఆగనందుకు ఢిల్లీకి పోయింది. ఇప్పటికీ నాకు ఆ బాధ ఉంది.

ఇయ్యాల గీతలు నేర్చుకుందాం. ముందు కొలత సంగతి.

ఆట నియమాల్లో మొదటిదే మైదానం గురించి. మామూలు మ్యాచ్‌కు పొడవు 90 నుంచి 120 మీటర్లు, వెడల్పు 45 నుంచి 90 మీటర్లు ఉండొచ్చు. అంతర్జాతీయ మ్యాచ్ అయితే పట్టు బిగుస్తుంది: పొడవు 100–110, వెడల్పు 64–75. పెద్ద స్టేడియాల్లో ఎక్కువగా కనిపించేది 105కు 68. మన ఉన్నత పాఠశాలల గ్రౌండ్లలో అంత జాగా అరుదు. అందుకే ఈ పాఠమంతా 90కి 60 లెక్కన చెబుతున్నా. మైదానం చిన్నదైనా పెద్దదైనా లోపలి గీతల కొలతలు మారవు. పెనాల్టీ ఏరియా, అంటే గోల్ ముందరి పెద్ద పెట్టె, కోల్‌కతాలో ఎంతో కొండమల్లేపల్లిలోనూ అంతే. ఈ ఆటలో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే.

ఆ కొలతలు మీటర్లలో చూస్తే వింతగా ఉంటాయి: 7.32, 9.15, 16.5. ఇవి ఇంగ్లండ్‌లో గజాల్లో పుట్టిన లెక్కలు. గోల్ వెడల్పు 8 గజాలు, ఎత్తు 8 అడుగులు. గోల్ ఏరియా (గోల్ ముందరి చిన్న పెట్టె) 6 గజాలు, పెనాల్టీ చుక్క 12 గజాలు, పెనాల్టీ ఏరియా 18 గజాలు, మధ్య వలయం వ్యాసార్ధం 10 గజాలు. ఇట్లా గుర్తుపెట్టుకుంటే మర్చిపోరు. గీసేటప్పుడు మాత్రం మీటర్లలోనే కొలవండి.

కావాల్సినవి: 50 మీటర్ల టేపు, గట్టి సుత్లీ, పన్నెండు గూటాలు, సుత్తె, సున్నం పొడి, అడుగున చిల్లులు పొడిచిన డబ్బా. నలుగురు పిలగాళ్లు ఉంటే చాలు.

ఇగ అసలు పని మూల తిప్పడం. కంటితో చూసి మూల తిప్పొద్దు. నేను మొదటిసారి ఒక బడిలో అదే చేశాను. చూడ్డానికి చక్కగానే ఉంది. మ్యాచ్ పొద్దున పక్క మండలం నుంచి వచ్చిన వ్యాయామ ఉపాధ్యాయుడు టేపు అడిగి రెండు కర్ణాలు కొలిచారు. రెండు మీటర్లకు పైగా తేడా! మైదానం మొత్తం ఒక పక్కకు ఒరిగిన మంచంలాగా ఉంది. ఆయన ఒక్క మాట అనలేదు, నాతోపాటే కూర్చుని సుత్లీ చుట్టారు. పిలగాళ్లు ఎండలో రెండు గంటలు ఆగాల్సి వచ్చింది. ఆ రోజు ఆయన దగ్గర నేర్చుకున్నదే మీకు చెబుతున్నా.

ఇల్లు ముగ్గు పోసేటప్పుడు మేస్త్రీ 3–4–5 లెక్క పడతాడు కదా, అదే ఇక్కడా. కాకపోతే ఎంత పెద్ద త్రికోణం పడితే తప్పు అంత తగ్గుతుంది. అందుకని 12–16–20 తీసుకుందాం. మూడూ కలిపితే 48, అంటే ఒక్క టేపుతో పని అయిపోతుంది. ముందు టచ్ లైన్ (పొడవు వైపు గీత) దిక్కున సుత్లీ కట్టండి. పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉండాలని మొదటి పాఠంలో అనుకున్నాం, లేకుంటే సాయంత్రం ఎండ ఒక గోల్‌కీపర్ కళ్లల్లోనే పడుతుంది. మూల గూటం దగ్గర ఒక పిల్లవాడు టేపు సున్నా, 48 గుర్తులు రెండూ కలిపి పట్టుకోవాలి. ఇంకొకరు 32 గుర్తు పట్టుకుని టచ్ లైన్ సుత్లీ మీద నిలబడాలి, అక్కడికి మూల నుంచి 16 మీటర్లు. మూడో పిల్ల 12 గుర్తు పట్టుకుని గోల్ లైన్ (వెడల్పు వైపు గీత) వైపు జరగాలి. టేపు మూడు వైపులా బిగిసి నిలిచిన చోట గూటం కొట్టండి. అది సరైన మూల.

నాలుగు మూలలూ అయ్యాక కర్ణాలు కొలవండి. 90కి 60 మైదానంలో కర్ణం 108.17 మీటర్లు రావాలి. టేపు చాలదు కాబట్టి సుత్లీ పట్టి మూడు విడతల్లో కొలవండి. రెండు కర్ణాలూ సమానంగా వచ్చేదాకా సున్నం సంచి విప్పొద్దు. ఎవరైనా అంతర్జాతీయ కొలత గీసే అదృష్టం ఉన్నవాళ్లుంటే, 105కు 68లో కర్ణం 125.10.

ఇప్పుడు గోల్ లైన్. ఇక్కడ చాలామంది చేసే తప్పు టేపును ముక్కలుముక్కలుగా జరపడం. ప్రతిసారీ వేలెడు తప్పు కలుస్తూ పోతుంది. టేపు సున్నాను ఒక మూల మీదే ఉంచి గుర్తులన్నీ ఒకే వరుసలో పెట్టుకుంటూ పోవాలి. 60 మీటర్ల వెడల్పుకు ఆ గుర్తులు ఇవి: 9.84 దగ్గర పెనాల్టీ ఏరియా, 20.84 దగ్గర గోల్ ఏరియా, 26.34 దగ్గర గోల్ స్తంభం లోపలి అంచు, 33.66 దగ్గర రెండో స్తంభం, 39.16 దగ్గర గోల్ ఏరియా, 50.16 దగ్గర పెనాల్టీ ఏరియా. టేపు 50 దగ్గర అయిపోతుంది కాబట్టి ఆ చివరిది అవతలి మూల నుంచి 9.84 కొలిచి పెట్టండి. పెనాల్టీ ఏరియా గుర్తుల నుంచి 16.5 మీటర్లు, గోల్ ఏరియా గుర్తుల నుంచి 5.5 మీటర్లు లోపలికి పోవాలి. ఈ చిన్న మూలలకు కూడా 3–4–5 వాడండి.

గీత మందం 12 సెంటీమీటర్లు దాటకూడదు. గీత ఏ ఏరియాను చుట్టుకుని ఉంటే ఆ ఏరియాకే చెందుతుంది, అందుకే కొలత బయటి అంచు దాకా లెక్క. బంతి గోల్ లైన్‌ను పూర్తిగా దాటితేనే గోల్. సున్నం చేటెడు మందంలో పోస్తే ఆ తగాదా తెగదు.

వలయాలకు నైలాన్ తాడు వాడొద్దు, సాగుతుంది. టేపునే గూటానికి తగిలించి తిప్పండి. మధ్య వలయం 9.15 మీటర్లు. పెనాల్టీ చుక్క గోల్ లైన్ నుంచి 11 మీటర్లు. ఆ చుక్క మీద గూటం కొట్టి మళ్లీ 9.15తో తిప్పితే పెనాల్టీ ఏరియా బయట మిగిలే వంపే మనం ‘డి’ అనుకునేది. అది పెనాల్టీ ఏరియా గీతను చుక్కకు ఎదురుగా ఉన్న చోటు నుంచి అటు 7.31, ఇటు 7.31 మీటర్ల దగ్గర తాకాలి. తాకకపోతే చుక్క తప్పింది. కార్నర్ వంపు 1 మీటరు.

సున్నం గురించి ఒక్కమాట, గట్టిగా చెబుతున్నా. నీళ్లు పోయగానే బుసబుస పొంగే సున్నం మైదానంలోకి తేవొద్దు. చెమట తగిలితే చర్మం కాలుస్తుంది, కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం. ముగ్గుపిండి చాలు.

కొలత కంటికి అలవాటు కావాలంటే పెద్ద స్టేడియాలు చూడాలి. మన దేశ జట్టుకు ఇదే ఇల్లు అని ఒక్క స్టేడియం లేదు, ఊరూరా తిరుగుతుంది. 2023లో ఇంఫాల్ ఖుమన్ లంపక్‌లో, అదే ఏడాది దక్షిణాసియా దేశాల శాఫ్ టోర్నీకి బెంగళూరు కంఠీరవలో, 2025 మార్చిలో షిల్లాంగ్‌లో ఆడింది. కోల్‌కతా సాల్ట్ లేక్ మాట వేరు. 1997లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ మ్యాచ్‌కు అక్కడ 1,31,781 మంది వచ్చారు. 2011లో మెస్సీ అర్జెంటీనా కెప్టెన్‌గా వెనెజులాతో ఆడిందీ, 2017లో అండర్-17 ప్రపంచ కప్ ఫైనల్ జరిగిందీ, 2024 జూన్ 6న కువైట్‌పై ఛెత్రి అంతర్జాతీయ ఆటకు వీడ్కోలు చెప్పిందీ (2025లో మళ్లీ జట్టులోకి వచ్చాడు) అక్కడే.

మనకు దగ్గరిది గచ్చిబౌలి. 2024 సెప్టెంబర్‌లో ఇంటర్‌కాంటినెంటల్ కప్, నవంబర్ 18న మలేసియాతో మ్యాచ్ అక్కడ జరిగాయి. ఆ మ్యాచ్ 1–1. గచ్చిబౌలి, కంఠీరవ, సాల్ట్ లేక్ మూడింటిలోనూ మైదానం చుట్టూ పరుగు పందేల ట్రాక్ ఉంటుంది, ప్రేక్షకులు గీతకు దూరంగా కూర్చుంటారు. నవీ ముంబై డీవై పాటిల్ క్రికెట్ కోసం గుండ్రంగా కట్టింది, 2022 అండర్-17 మహిళల ప్రపంచ కప్ ఫైనల్ అందులోనే జరిగింది. గుండ్రటి గడ్డిలో దీర్ఘచతురస్రం గీశారన్నమాట. మూలలు ఎంత ఖాళీగా కనిపిస్తాయో వీడియోలో గమనించండి.

ఇంటిపని: ఏదైనా ఒక అంతర్జాతీయ మ్యాచ్ చూడండి. పెనాల్టీ ఏరియా వెడల్పు ఎప్పుడూ 40.32 మీటర్లే కదా, దాన్ని కొలబద్దగా పెట్టుకుని, దాని అంచు నుంచి టచ్ లైన్ దాకా ఎంత దూరం ఉందో అంచనా కట్టండి. 68 మీటర్ల మైదానమైతే 13.84 రావాలి. తర్వాత మీ గ్రౌండ్‌లో అదే చోట నిలబడి చూడండి. 60 మీటర్లకు 9.84. ఆ నాలుగు మీటర్ల తేడాలో వింగర్ (అంచు వెంట ఆడేవాడు) ఎట్లా ఆడాలో పిలగాళ్లనే అడగండి, వాళ్లు చెప్పింది నోటుబుక్కులో రాసిపెట్టుకోండి.

వచ్చే పాఠంలో గోల్ స్తంభాలు. వెదురు కావాలా, ఇనుప పైపు కావాలా అన్నది అప్పుడు చూద్దాం. అప్పటిదాకా 26.34, 33.66 దగ్గర కొట్టిన గూటాలు పీకొద్దు.