కాలేయ ఎంజైములు పెరిగినప్పుడు రిపోర్టును అర్థం చేసుకోవడం ఎలా?

ముందుగా ఏ ఎంజైము, సాధారణ పరిమితికి ఎన్ని రెట్లు పెరిగిందో చూడాలి. ఏఎల్‌టీ అనే ఎంజైము ప్రధానంగా కాలేయ కణాల్లో ఉంటుంది. ఏఎస్‌టీ అనే మరో ఎంజైము కండరాల్లోనూ ఉంటుంది కనుక, పరీక్షకు ముందురోజు భారీ బరువులెత్తినవారిలో కాలేయం బాగానే ఉన్నా అది ఎక్కువగా కనిపించవచ్చు. రెండూ కొద్దిగా పెరిగినప్పుడు తరచూ కనబడే కారణం ఫ్యాటీ లివర్ (కాలేయంలో కొవ్వు చేరడం). ఏఎస్‌టీ విలువ ఏఎల్‌టీకి రెట్టింపు దాటితే మద్యాన్ని అనుమానించాలి. ఈ రెండింటి అంకెలు వేలల్లోకి చేరితే మాత్రం తీవ్రమైన వైరల్ హెపటైటిస్ (వైరస్ వల్ల వచ్చే కాలేయ వాపు) గాని, మోతాదు మించిన పారాసెటమాల్ గాని కారణం కావచ్చు కనుక వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. రిపోర్టులో ఉండే మరో రెండు ఎంజైములు ఏఎల్‌పీ, జీజీటీ. ఏఎల్‌పీతో పాటు జీజీటీ కూడా పెరిగితే పిత్తనాళంలో అడ్డంకి ఉందేమో పరీక్షిస్తారు. ఏఎల్‌పీ ఒక్కటే పెరిగితే అది ఎముకల నుంచి వచ్చినది కావచ్చు (ఎదిగే పిల్లల్లో ఇది సహజమే). మందుల వల్ల కూడా ఎంజైములు పెరగవచ్చు కనుక, క్షయ మందులతో సహా వాడుతున్న వాటన్నింటి గురించీ, ముఖ్యంగా నిరపాయమనుకునే మూలికా మందుల గురించి, డాక్టరుకు చెప్పాలి. సొంతంగా ఏదీ మానకూడదు.