ఓటీజీలో రోజువారీ వంట: బెండకాయ వేపుడు నుంచి కాల్చిన వంకాయ దాకా

కేకు కోసమని కొన్న ఓటీజీ (ఓవెన్, టోస్టర్, గ్రిల్ మూడూ కలిసిన కరెంటు పెట్టె) చాలా ఇళ్లలో రెండు పుట్టినరోజులు గడిచేసరికి అటకెక్కేస్తుంది. అదే పెట్టెలో బెండకాయ వేపుడు, పచ్చడికి వంకాయ, పొడికి పల్లీలు, ఆదివారం చేప ముక్కలు అన్నీ అవుతాయి. నూనె తక్కువ పడుతుంది, మూకుడు పక్కన నిలబడి కలుపుతూ ఉండక్కర్లేదు. కాకపోతే పొయ్యి దగ్గర చేతికి అలవాటైన లెక్కలు ఇక్కడ చెల్లవు. మూకుడులో వేడి అడుగు నుంచి నూనె ద్వారా ముక్కకి చేరుతుంది. ఓటీజీలో రాడ్ల సెగ, వేడి గాలి కలిసి పనిచేస్తాయి. ఏ రాడ్డు వెలుగుతోంది, ట్రే ఏ మెట్టు మీద ఉంది, ముక్కల్లో నీరు బయటికి పోతోందా లేదా అన్న మూడూ చూసుకుంటే వంట కుదిరినట్టే.

మొదటి రోజు చేయాల్సినవి

20 నుంచి 30 లీటర్ల ఓటీజీ సుమారు 1200 నుంచి 1600 వాట్లు లాగుతుంది. దీన్ని 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గుకే, అంటే గీజరుకి వాడే రకానికే పెట్టాలి. మామూలు ఎక్స్‌టెన్షన్ బాక్సుకి తగిలిస్తే వైరు వేడెక్కి ప్లగ్గు కరిగే ప్రమాదం ఉంది. వాడుతున్నప్పుడు ప్లగ్గు పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటోందంటే సాకెట్ వదులైందని అర్థం, వెంటనే ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. పెట్టెకి వెనకా పక్కలా నాలుగంగుళాల ఖాళీ వదలాలి. పైన బ్రెడ్ ప్యాకెట్టు కాదు కదా, గుడ్డ ముక్క కూడా ఉంచకూడదు.

ట్రే, జాలీ సబ్బుతో కడిగి ఆరబెట్టి, లోపల ఏమీ పెట్టకుండా రెండు రాడ్లూ వేసి 230 డిగ్రీల మీద 15 నుంచి 20 నిమిషాలు నడపండి. పొగ, ఘాటు వాసన వస్తాయి. తయారీలో రాడ్లకి, రేకుకి అంటిన నూనె పూత మాడే వాసన అది. కిటికీలు తెరిచి పెడితే సరిపోతుంది, మళ్లీ రాదు.

తర్వాత ఇంకో పరీక్ష. మధ్య మెట్టు మీద జాలీ నిండా బ్రెడ్ ముక్కలు పరిచి, 180 డిగ్రీలకి వేడెక్కిన పెట్టెలో 6 నుంచి 8 నిమిషాలు ఉంచండి. ఏ ముక్క ముందు ఎర్రబడిందో చూసి గుర్తు పెట్టుకోండి. మామూలుగా వెనక వైపు ముక్కలు ముందు కాలతాయి, తలుపు పక్కవి తెల్లగానే ఉంటాయి, తలుపు సందుల్లోంచి వేడి జారిపోతుంది కనక. ఇకపై ఏ వంటకైనా సగం సమయంలో ట్రేని తిప్పి పెట్టాలని ఈ బ్రెడ్ ముక్కలే చెబుతాయి. ఓవెన్ థర్మామీటర్ ఒకటి జాలీకి తగిలిస్తే ఇంకా మంచిది. నాబ్ 200 చూపిస్తుంటే లోపల 180 ఉండడం, 220 ఉండడం రెండూ మామూలే. ఆ తేడా ఒకసారి తెలిస్తే చాలు, దాని ప్రకారం నాబ్ తిప్పుకోవచ్చు.

నాబ్‌ల సంగతి

కింది రాడ్డు ఒక్కటే వేస్తే కేకు లాంటివాటికి, పై రాడ్డు ఒక్కటే వేస్తే పైన ఎర్రగా కాల్చడానికి. ఇంటి వంటల్లో ఎక్కువ భాగం రెండూ కలిపి వేసినప్పుడే బాగుంటాయి. ఫ్యాన్ ఉన్న పెట్టె అయితే, ఫ్యాన్ వేసినప్పుడు ఇక్కడ చెప్పిన వేడి కంటే 15, 20 డిగ్రీలు తగ్గించండి.

ముందుగా 10, 12 నిమిషాలు ఖాళీగా వేడి చేయడం మానొద్దు. చల్లని పెట్టెలో కూరగాయ పెడితే వేగడం మొదలయ్యేలోపే ఉడికి మెత్తబడుతుంది. వంట మధ్యలో రాడ్లు నల్లబడితే కంగారు పడక్కర్లేదు. అనుకున్న వేడి రాగానే థర్మోస్టాట్ ఆపేస్తుంది, తగ్గగానే మళ్లీ వెలిగిస్తుంది. అందుకే 1500 వాట్ల పెట్టె 40 నిమిషాలు నడిచినా కరెంటు ఒక యూనిట్ కూడా పూర్తిగా కాలదు.

తిప్పే టైమర్ చిన్న సమయాలకి సరిగ్గా కొట్టదు. 5 నిమిషాలు కావాలంటే ముందు 20 దాటేదాకా తిప్పి, వెనక్కి 5కి తీసుకురండి. స్టే ఆన్ అన్న చోట పెడితే దానంతట అది ఆగదని గుర్తుంచుకోండి.

ఏ పాత్రలు పనికొస్తాయి

కొత్తగా కొనక్కర్లేదు. పిడి లేని అల్యూమినియం గిన్నెలు, కుక్కర్‌లో పెట్టే సెపరేటర్లు చక్కగా పనిచేస్తాయి. పులుపు ఉన్నవి, అంటే టమాట, చింతపండు, పెరుగు పట్టించినవి మాత్రం అల్యూమినియంలో వద్దు, స్టీలు గిన్నెలో గానీ గాజు గిన్నెలో గానీ పెట్టండి. పల్చటి స్టీలు పళ్లెంలో అడుగు అక్కడక్కడా మాడుతుంది, మందంగా ఉన్నది చూసుకోవాలి. వేడికి తట్టుకునే బోరోసిలికేట్ గాజు పనికొస్తుంది గానీ ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా పెడితే పగలొచ్చు, పై రాడ్డుకి దగ్గరగా పెట్టినా అంతే. ప్లాస్టిక్, మెలమైన్ ఏవీ వద్దు.

రొట్టె ముక్కలు రాలే అడుగు ట్రే మీద అల్యూమినియం ఫాయిల్ పరిచే అలవాటు ఉంటే మానేయండి. కింది రాడ్డు సెగ ఫాయిల్‌కి కొట్టుకుని వెనక్కి తిరుగుతుంది. వంట అడుగు మాడడమే కాకుండా రాడ్డూ దెబ్బతింటుంది.

బెండకాయ వేపుడు

ఇది కుదిరితే తక్కిన వేపుళ్లన్నీ కుదురుతాయి, అందుకే వివరంగా. 25 లీటర్ల ఓటీజీ ట్రేలో ఒక వరసగా 300 గ్రాములే పడతాయి. ఎక్కువ వేస్తే ముక్క మీద ముక్క పడి, కింది ముక్కల ఆవిరికి పై ముక్కలు ఉడికిపోతాయి. ఎక్కువ మందికి కావాలంటే రెండు వాయిలు వేయండి.

కాయలు కోయకముందే కడిగి, ఒక్కొక్కటీ గుడ్డతో తుడిచి, అరగంట ఫ్యాన్ కింద ఆరనివ్వండి. ఒక సెంటీమీటర్ మందాన కోయండి, అంతకంటే పల్చనైతే లోపల వేగకముందే అంచులు మాడతాయి. ఒక టేబుల్ స్పూన్ నూనె, పావు టీస్పూన్ పసుపు చేత్తో పట్టించండి. ఉప్పు ఇప్పుడే వేస్తే నీరు ఊరుతుంది, కారం ఇప్పుడే వేస్తే 200 డిగ్రీల వేడికి మాడి చేదెక్కుతుంది. రెండూ ఆఖర్న.

200 డిగ్రీలు, రెండు రాడ్లు, మధ్య మెట్టు. 10 నిమిషాలకి తలుపు తీస్తే ఆవిరి గుప్పుమంటుంది, తీయాల్సిందీ అందుకే. అప్పటికి ముక్కలు పచ్చగా మెరుస్తూ, గరిటెతో తిరగేస్తే జిగురు తీగలు సాగుతుంటాయి. కుదరలేదని ఆపేయకుండా కలిపి, ట్రే తిప్పి మళ్లీ పెట్టండి. 18, 20 నిమిషాలకి తీగలు కనిపించవు, ముక్కలు చిన్నబోయి అంచులు గోధుమ రంగుకి తిరుగుతాయి. ట్రే కదిలిస్తే గలగలమని చప్పుడు వినపడుతుంది, అదే గుర్తు. అప్పుడు ఉప్పు, కారం, దంచిన వెల్లుల్లి, కాస్త నూనె రాసిన కరివేపాకు కలిపి ఇంకో 3 నిమిషాలు. నూనె రాయని కరివేపాకు ఫ్యాన్ గాలికి ఎగిరి రాడ్డు మీద పడి కాలుతుంది. వేయించిన పల్లీలు దించాక కలపండి.

ఇదే పద్ధతిలో బంగాళదుంపలైతే రెండు సెంటీమీటర్ల ముక్కలు కోసి, 10 నిమిషాలు నీళ్లలో వేసి పిండి వదిలించి, బాగా తుడిచి 210 డిగ్రీల మీద 35 నిమిషాలు. దొండకాయ ఒట్టి సెగకి తోలులా సాగుతుంది, ముందు 5 నిమిషాలు ఆవిరి మీద ఉడికించి ఆరబెట్టాకే పెట్టండి. కాకరకాయకి 180 దాటొద్దు, అది మాడితే చేదు రెట్టింపవుతుంది.

పచ్చడికి వంకాయ

350, 400 గ్రాముల పెద్ద వంకాయని కత్తి మొనతో ఆరేడు చోట్ల లోతుగా పొడవండి. పొడవకపోతే లోపలి ఆవిరికి దారి లేక పేలి, గుజ్జంతా రాడ్ల మీద పడుతుంది. నూనె రాసి, ట్రేలో 220 డిగ్రీల మీద 40 నిమిషాలు, సగంలో తిరగేసి. 20 నిమిషాలయ్యాక అదే ట్రేలో నాలుగు ముక్కలు చేసిన ఉల్లిపాయ, రెండు టమాటాలు, గాటు పెట్టిన ఆరు పచ్చిమిరపకాయలు, పొట్టు తీయని వెల్లుల్లి రెబ్బలు సర్దేయండి. గాటు పెట్టని మిరపకాయ కూడా పేలుతుంది.

తొక్క ముడుతలు పడి కాయ కూలబడితే అయినట్టు అనిపిస్తుంది గానీ, తొడిమ దగ్గర ఆఖరున ఉడుకుతుంది. అక్కడ కత్తి గుచ్చి చూడండి, వెన్నలోకి దిగినట్టు దిగాలి. తర్వాత పై మెట్టుకి మార్చి పై రాడ్డు ఒక్కటే వేసి 4, 5 నిమిషాలు కాల్చండి. బయటికి తీసి గిన్నె బోర్లించి 10 నిమిషాలు ఉంచితే తొక్క చేత్తోనే వస్తుంది. బొగ్గుల మీద కాల్చిన వాసన ఓటీజీలో రాదు. అది లేకపోతే పచ్చడి పచ్చడిలా ఉండదనుకుంటే, ఆఖర్న గ్యాస్ మంట మీద ఒక నిమిషం తిప్పండి, వాసన పడుతుంది.

ఒక్క వంకాయ కోసం 50 నిమిషాలు పెట్టె వేడి చేయడం దండగ. పక్కన కూరగాయలు పెట్టమన్నది అందుకే. వంకాయ తీశాక మిగిలిన వేడికి ఎండుమిరపకాయలు, కరివేపాకు కరకరలాడతాయి, స్విచ్ ఆపేశాక పెట్టండి. ఎండుమిరప ఘాటుకి ఇంటిల్లిపాదీ దగ్గుతారు కనక పెట్టె చల్లారేదాకా తలుపు తీయొద్దు.

పల్లీలు, పప్పులు

పల్లీలు 250 గ్రాములు, 160 డిగ్రీలు, 15 నుంచి 18 నిమిషాలు, మధ్యలో రెండుసార్లు కలపాలి. వేడి మీద మెత్తగా ఉంటాయి, చల్లారితేనే కరకరలాడతాయి. మెత్తగా ఉన్నాయి కదా అని ఇంకో 5 నిమిషాలు పెట్టడం వల్లే ఎక్కువసార్లు మాడతాయి. ఒక గింజ రెండుగా విరిచి చూడండి. లోపల లేత బంగారు రంగు రాగానే తీసి వెంటనే వేరే పళ్లెంలో పోయండి, వేడి ట్రేలో వదిలేస్తే అక్కడే ఇంకా వేగుతూనే ఉంటాయి. జీడిపప్పు, నువ్వులు 150 డిగ్రీల మీద 8 నిమిషాలు. నువ్వులకి ఫ్యాన్ వేయొద్దు.

చేప, చికెన్

ఒకటిన్నర సెంటీమీటర్ మందం వంజరం ముక్కలకి మసాలా పట్టించి, నూనె రాసిన ట్రేలో 200 డిగ్రీల మీద 12 నిమిషాలు, ఆపైన పై రాడ్డు ఒక్కదానితో 3 నిమిషాలు. తిరగేయక్కర్లేదు, తిరగేస్తే విరుగుతాయి. ముల్లు దగ్గర మాంసం పొరలుగా విడిపోతే ఉడికినట్టు.

చికెన్ లెగ్ పీసులకి ఎముక దాకా గాట్లు పెట్టి, గుడ్డలో కట్టి నీరు తీసిన గట్టి పెరుగుతో మసాలా పట్టించండి. పల్చటి పెరుగైతే కారిపోయి ముక్క తెల్లగా తేలుతుంది. జాలీ మీద పరిచి, కింద ట్రేలో అర కప్పు నీళ్లు పోయండి. కారిన కొవ్వు నీళ్లలో పడితే పొగ రాదు. 200 డిగ్రీలు, సుమారు 40 నిమిషాలు, సగంలో తిరగేసి. అందాజు మీద వదిలేయొద్దు. మాంసం థర్మామీటర్ ఎముకకి తగలకుండా గుచ్చితే 74 డిగ్రీలు చూపించాలి.

మిగిలిపోయిన పునుగులు, సమోసాలు, పిజ్జా 170 డిగ్రీల మీద 6 నుంచి 8 నిమిషాలు నేరుగా జాలీ మీద పెడితే మళ్లీ కరకరలాడతాయి. గారెలు, బజ్జీలు పచ్చి పిండితో ఇందులో వేయాలని చూడకండి. జారుడు పిండి గట్టిపడాలంటే కాగిన నూనె చుట్టుముట్టాల్సిందే, ఇక్కడ ట్రేకి పరుచుకుపోయి రొట్టె అవుతుంది.

అమెరికాలో ఉన్నవాళ్ల టోస్టర్ ఓవెన్లకి లెక్క ఫారన్‌హీట్‌లో: 160కి 320, 180కి 350, 200కి 400, 220కి 425 అనుకుంటే చాలు. చలికాలంలో ఇడ్లీ పిండి పులియకపోతే, పెట్టెని తక్కువ వేడి మీద రెండు నిమిషాలు నడిపి ఆపి, లోపల చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉన్నప్పుడు గిన్నె ఉంచి తలుపు వేయండి. నాబ్ మీద లోపల పిండి ఉందని కాగితం అంటించండి. లేకపోతే పొద్దున్నే ఎవరో ఒకరు టోస్ట్ కోసం స్విచ్ వేసేస్తారు.

పొగ వస్తుంటే

కొత్తది కాని పెట్టెలో పొగ వస్తోందంటే అడుగు ట్రేలో పడిన రొట్టె పొడి, నూనె చుక్కలు మాడుతున్నట్టు. ఆ ట్రేని వారానికోసారైనా దులిపి కడగాలి. పక్క గోడల జిడ్డుకి వంట సోడాలో కొద్దిగా నీళ్లు కలిపి ముద్దలా చేసి రాసి, 20 నిమిషాల తర్వాత తడి గుడ్డతో తుడవండి. ఉక్కు పీచు వాడితే పూత గీసుకుపోతుంది. రాడ్లకి సోడా గానీ సబ్బు గానీ తగలనివ్వకండి, చల్లారాక పొడి గుడ్డతో తుడిస్తే చాలు. తలుపు అద్దం వేడిగా ఉండగా తడి గుడ్డ తగిలిందంటే పగలొచ్చు, ప్లగ్గు తీసేసి గంటసేపు ఆగి అప్పుడు తుడవండి.