ఉప్పునీటిలో కొత్త పడవను దించే ముందు జాగ్రత్తలు

కాకినాడ వంటి తీరంలో మొదటిసారి ఫైబర్ పడవ కొన్నవారు దానిని నీటిలో దించే ముందు అవుట్‌బోర్డ్ మోటారుకు (పడవ వెనుక బయటివైపు అమర్చే ఇంజనుకు) బిగించిన జింకు బిళ్లను తప్పక పరిశీలించాలి. ఉప్పునీటిలో మోటారు లోహానికి బదులుగా తానే ముందు కరిగిపోయే ఆ బిళ్ల సగం అరిగితే మార్చాలే తప్ప, దానిపై ఎన్నడూ రంగు పూయకూడదు. కొత్తవారు ఎక్కువగా ఉపేక్షించేది దీనినే అని నా అభిప్రాయం.

పడవలో చేరిన నీటిని బయటికి వదిలే రంధ్రపు మూతను, అంటే డ్రెయిన్ ప్లగ్‌ను, గట్టిగా బిగించి, బ్యాటరీ టెర్మినళ్లకు గ్రీజు రాయాలి. నీటిలో మోటారు స్టార్టు చేశాక దాని పక్క రంధ్రం నుంచి, మోటారును చల్లబరిచే నీటిధార రాకపోతే వెంటనే ఆపివేయాలి.

కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఇచ్చే అలల సూచన చూసుకుని, ఎక్కేవారందరికీ లైఫ్ జాకెట్లు తొడిగించి, కోస్ట్ గార్డ్ అత్యవసర నంబరు 1554ను ఫోనులో భద్రపరచుకోవాలి. తిరిగి వచ్చిన వెంటనే మోటారును లోపలివరకు కడిగేందుకు మంచినీటి గొట్టాన్ని ఒడ్డున ముందే సిద్ధంగా ఉంచాలి.